కరణంగారి రాతపెట్టె: దంతపు పొదుగు చెడకుండా చేత్తో బాగు చేయడం ఎలా?

ప్రశ్న – పాతపట్నం మనవడు

నమస్కారం. మా తాతగారు 1984లో కరణీకాలు రద్దయ్యేవరకు విశాఖపట్నం దగ్గర ఒక గ్రామానికి కరణంగా పనిచేశారు. ఆయన వాడిన రాతపెట్టె ఈ మధ్య నా చేతికి వచ్చింది. అది ఆయన కొన్నది కాదని, వాళ్ల తాతగారి కాలం నుంచీ ఇంట్లో ఉన్నదని మా మేనత్త చెబుతారు. మూసి ఉంచితే రెండు జానల పొడవున్న బల్లపరుపు పెట్టెలా ఉంటుంది. తెరిస్తే రెండు సగాలూ కలిసి ఒక వాలు బల్ల అవుతుంది. పైభాగంలో సిరాబుడ్డికి ఒక గూడు, కలాలకు పొడవాటి పళ్లెం ఉన్నాయి. కర్ర నల్లగా, చాలా బరువుగా ఉంది. జిట్రేగి అనుకుంటున్నాను. లోపలి అరలు మాత్రం లేత రంగు కర్రతో చేసినవి, మూత తీయగానే ఇప్పటికీ చందనం వాసన వస్తుంది. మూత అంచుల చుట్టూ తెల్లటి తీగలు, పూలు పొదిగి ఉన్నాయి. ఒక్కొక్క తెల్ల రేకు మీద ఆకు ఈనెలు, పూరేకుల మడతలు సన్నని నల్ల గీతలతో చెక్కి ఉన్నాయి.

ఇక దాని పరిస్థితి ఇది. వాలు బల్లను పట్టి ఉంచే బందుల్లో ఒకటి ఊడిపోయింది. మూత మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా చీలిక వచ్చింది. కుడి మూలలో తెల్ల ముక్కలు కొన్ని పైకి లేచాయి, రెండు రాలిపోయాయి. మొత్తం మీద నల్లటి జిడ్డు పేరుకుపోయింది. తాళం ఉంది కాని చెవి లేదు. మా వీధిలో పాలిష్ పని చేసే ఆయన చూసి, గరుకు కాగితంతో అడుగు కర్ర కనబడేదాకా రుద్ది, తెల్ల భాగాలను స్పిరిట్‌తో కడిగి, చీలికలో లప్పం పెట్టి, పైన స్ప్రే పాలిష్ కొడితే కొత్తదానిలా అవుతుందని అన్నారు. ఇంట్లోవాళ్లు ఇత్తడి మూలలను చింతపండుతో తోమేద్దామంటున్నారు. నాకు మాత్రం తొందర లేదు. సాయంత్రాలు కూర్చుని నా చేతులతోనే చేసుకోవాలని ఉంది. ఏ పని ముందు, ఏ పని తరువాత, ఏది అసలు చేయకూడదు, దయచేసి చెప్పగలరు.

జవాబు – గాజువాక చెక్కపని

అన్నిటికంటే ముందు ఒక మాట. ఆ పెట్టె దగ్గరికి స్పిరిట్‌ను రానివ్వకండి. మీరు వర్ణించినదాన్ని బట్టి అది మన ఊళ్లోనే పుట్టిన పని అయి ఉండవచ్చు. 18వ శతాబ్దంలో విశాఖపట్నంలోని కంసాలి కుటుంబాలు తెల్లదొరల కోసం జిట్రేగి, టేకు, నల్లచేవ కర్రల్లో దంతం పొదిగి బల్లలు, కుర్చీలు, పెట్టెలు చేసేవారు. 1756లోనే ఇక్కడికి వచ్చిన ఒక ఇంగ్లీషు సైనికాధికారి ఈ పనిని మెచ్చుకుంటూ రాసిపెట్టాడు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ ఆ వస్తువులు ఉన్నాయి. ఆ పనిలో అసలు సొగసంతా మీరు చెప్పిన నల్ల గీతల్లోనే ఉంది. దంతపు రేకు మీద సన్నని మొనతో గీతలు చెక్కి, ఆ గాళ్లలో నల్ల లక్కను నింపి, పైకి పొంగినదాన్ని గీకేసేవారు. లక్క నీటిలో కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. స్పిరిట్ తడిపిన గుడ్డతో గట్టిగా తుడిస్తే జిడ్డుతోపాటు ఆ ఈనెలు, మడతలు కూడా గుడ్డకు అంటుకుని వచ్చేస్తాయి. తెల్ల రేకు అంతకంటే తెల్లగా మెరుస్తుంది కాబట్టి పని బాగా జరిగిందనే అనిపిస్తుంది. బొమ్మ పోయిన సంగతి ఆరిన తరువాత గాని తెలియదు. పాత సామాను దుకాణాల్లో ఆకులు, పూలు ఉండి వాటి మీద ఒక్క గీత కూడా లేని పెట్టెలను నేను చూశాను. వాటిలో కొన్నింటికైనా ఇదే గతి పట్టి ఉంటుందని నా నమ్మకం.

గరుకు కాగితం మాట కూడా మరచిపోండి. పొదిగిన రేకులు చాలా పలుచగా ఉంటాయి. కర్ర ఒక వేగంతో, దంతం మరొక వేగంతో అరుగుతాయి కనుక పెట్టె మీద ఎగుడుదిగుళ్లు వస్తాయి, చెక్కిన గీతల లోతు పోతుంది. పైగా ఏళ్ల తరబడి చేతులు తగిలి, వెలుతురు తగిలి కర్రకు వచ్చిన ఆ రంగును ఏ పాలిష్‌తోనూ తిరిగి తెప్పించలేము.

శుభ్రం చేయడం ఇలా మొదలుపెట్టండి. మెత్తని కుంచెతో మూలల్లోని దుమ్ము దులపండి, లేచిన ముక్కల దగ్గర మాత్రం కుంచెను కూడా ఆపండి. తరువాత పెట్టె వెనుకవైపు, ఎవరికీ కనబడని చోట, దూది పుల్లను మినరల్ టర్పెంటైన్‌లో ముంచి, బాగా పిండి, రూపాయి బిళ్లంత మేర మెల్లగా దొర్లించండి. రుద్దవద్దు, దొర్లించండి. దూదికి గోధుమరంగు జిడ్డు అంటితే అది పాత మైనం, దీపాల మసి, చేతి నూనె. ఎర్రగానో నల్లగానో అంటితే అక్కడితో ఆపి నాకు చెప్పండి. కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గరలో దీపం గాని పొయ్యి గాని ఉండకూడదు.

ప్రశ్నించినవారు – పాతపట్నం మనవడు

మీరు చెప్పినట్టే వెనుకవైపు చేసి చూశాను. దూదికి తేనెరంగు జిడ్డు అంటింది, కింద కర్ర ఊదా ఛాయతో ముదురు గోధుమరంగులో బయటపడింది. తెల్ల ముక్క ఒకదాని మీద కూడా దొర్లించాను, గీతలు చెక్కుచెదరలేదు. ఆ పని చేస్తూ భూతద్దంతో చూస్తే ఒక విషయం కనబడింది. ఎక్కువ ముక్కల్లో వెంట్రుకవాసి అలల్లాంటి చారలు ఉన్నాయి. ఎడమ మూలలోని నాలుగైదు ముక్కల్లో మాత్రం చారలు లేవు, వాటికి బదులు సూది గుచ్చినట్టు నల్లటి చుక్కలు, పొట్టి గీతలు కనిపిస్తున్నాయి. వాటి మీద చెక్కిన ఈనెలు కూడా కాస్త మొరటుగా ఉన్నాయి. ఇవి వేరే పదార్థమా?

జవాబు – విశ్రాంత మ్యూజియం ఉద్యోగి

మీరు బాగా గమనించారు. ఏనుగు దంతాన్ని నిలువుగా కోస్తే సన్నని అలల్లాంటి చారలు, అడ్డంగా కోస్తే ఒకదానినొకటి దాటుతూ గళ్లలా పోయే గీతలు కనిపిస్తాయి. ఎముకలో ఇవి ఉండవు. బతికి ఉన్నప్పుడు రక్తనాళాలు నడిచిన సన్నని గొట్టాలు మాత్రం ఉంటాయి, వాటిలో మురికి చేరి చుక్కలుగా, గీతలుగా కనబడుతుంది. కనుక మీ ఎడమ మూల ఎప్పుడో ఒకసారి దెబ్బతిన్నదని, దానిని ఎవరో పశువుల ఎముకతో బాగు చేశారని అనుకోవచ్చు. ఆ ముక్కలను తీసేయకండి. అవీ పెట్టె చరిత్రలో భాగమే. పైగా ఇప్పుడు రాలిపోయిన రెండు ముక్కలను దేనితో పూడ్చాలో కూడా అవే చెబుతున్నాయి. కొందరు వేడి సూది గుచ్చి దంతమో కాదో పరీక్షించమంటారు. దయచేసి ఆ పని చేయకండి, ఆ మచ్చ పోదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. 1986 సవరణతో దేశంలో భారతీయ ఏనుగు దంతం వ్యాపారం నిషిద్ధమైంది, 1991 సవరణతో ఆఫ్రికా దంతానికీ అది వర్తించింది. కాబట్టి మరమ్మతు కోసం దంతపు ముక్క కొనడం, ఈ పెట్టెను అమ్మడం రెండూ ఆలోచించకూడని పనులు. వారసత్వంగా వచ్చిన వస్తువైనా మీ పేరున పత్రాలు సరిగా ఉన్నాయో లేదో అటవీ శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. పెట్టెను ఊరు దాటించే ముందే ఈ పని పూర్తి చేసుకోండి.

రాలిన ముక్కల ఖాళీకి రెండు మార్గాలున్నాయి. తెల్ల తేనెమైనంలో కాస్త పొడి రంగు కలిపి నింపడం తేలిక, ఎప్పుడంటే అప్పుడు తీసేయవచ్చు. శాశ్వతంగా ఉండాలంటే కొవ్వు తీసి తెలుపు చేసిన పశువు ఎముకను ఆకురాయితో పలుచగా అరగదీసి, ఖాళీ ఆకారాన్ని పలుచని కాగితం మీద పెన్సిలుతో అచ్చు తీసుకుని, దాని ప్రకారం కత్తిరించాలి. గీతలు చెక్కడం, నల్ల లక్క నింపడం ముక్కను పెట్టెలో అతికించక ముందే, విడిగా బల్ల మీద చేసుకోవాలి. లక్కతో పని ఎలా ఉంటుందో కళ్లారా చూడాలనుకుంటే వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకకు ఒకసారి వెళ్లి రండి. అక్కడ అంకుడు కర్ర బొమ్మలకు లక్కను రాపిడి వేడితోనే ఎక్కిస్తారు. మీ పని పద్ధతి అది కాదు గాని, లక్క ఎంత వేడికి మెత్తబడుతుందో, ఎంత త్వరగా బిగుసుకుంటుందో చేతికి అర్థమవుతుంది. ముక్క మారిస్తే దాని అడుగున సంవత్సరం రాసిపెట్టండి, తరువాతి తరం వారు తికమకపడరు.

పని మీ చేతికి మించినదని ఎక్కడైనా అనిపిస్తే మనకు దగ్గరలో భువనేశ్వర్‌లో ఇంటాక్ (వారసత్వ సంపదను కాపాడే జాతీయ సంస్థ) వారి పరిరక్షణ కేంద్రం ఉంది.

జవాబు – వడ్రంగి ఇంటి పిల్ల

మా నాన్నగారు, తాతగారు వడ్రంగులు కనుక చీలిక గురించి, జిగురు గురించి నేను చెబుతాను.

ఆ చీలిక పెట్టె పాతబడినందువల్ల వచ్చినది కాదు, కర్ర కదలడం వల్ల వచ్చినది. కర్ర గాలిలోని తేమను పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఆరితే అడ్డంగానే కుంచించుకుంటుంది, పొడవునా దాదాపు కదలదు. గాలిలో తేమ 80 శాతం ఉంటే కర్రలో తేమ సుమారు 16 శాతం దగ్గర నిలుస్తుంది. ఏసీ గదిలో 50 శాతానికి దిగితే అది 9 శాతానికి పడిపోతుంది. వంగకుండా ఉండాలని మూత పలకకు రెండు కొసలా అడ్డచెక్కలు బిగించి ఉంటారు. పలక కుంచించుకుపోదామంటే ఆ అడ్డచెక్కలు పట్టి ఆపుతాయి, చివరకు పలకే చీలుతుంది. ఈ పెట్టె ఇంతకుముందు ఊళ్లో పెంకుటింట్లో ఉండి, ఇప్పుడు మీ ఏసీ గదికి వచ్చి ఉంటే ముందు దాన్ని ఆ గది నుంచి తీసి, ఎండ తగలని, సముద్రపు గాలి నేరుగా కొట్టని లోపలి గదిలో ఉంచండి. కొన్ని వారాలు ఊరకే వదిలేయండి. చీలిక కొంత తనంతట తానే దగ్గరపడవచ్చు.

లప్పం వద్దనడానికి కారణం కూడా ఇదే. గాలి పొడిగా ఉండే చలికాలంలో చీలిక వెడల్పుగా ఉంటుంది. అప్పుడు గట్టిపడే పదార్థాన్ని నింపితే వానాకాలంలో పలక ఉబ్బినప్పుడు మూసుకోవడానికి చోటుండదు, ఆ ఒత్తిడికి పక్కనే కొత్త చీలిక పుడుతుంది. వానాకాలం చివరన కూడా మిగిలి ఉన్న సందు ఎంతో చూసి, అదే జాతి కర్ర నుంచి, అదే ఈనె దిశలో సన్నని చీలిక ముక్క తీసి, కత్తి అంచులా చెక్కి, ఒక్క వైపు మాత్రమే జిగురు రాసి అమర్చండి. రెండో వైపు కదలడానికి వదలండి.

జిగురు విషయంలో నేను పట్టుదలగా ఉంటాను. దుకాణంలో దొరికే తెల్ల జిగురు, రెండు ట్యూబుల జిగురు రెండూ వద్దు. అవి ఒకసారి కర్రలోకి దిగితే మళ్లీ విప్పడానికి కర్రనే కోయాలి. పశువుల తోలు, ఎముకల నుంచి తీసే పాత పద్ధతి జిగురు పలుకులుగా దొరుకుతుంది. వయోలిన్లు బాగు చేసేవారు దీన్నే వాడతారు కాబట్టి వారిని అడగండి. రాత్రి చల్లని నీటిలో నానబెట్టి, పొద్దున గిన్నెలో గిన్నె పెట్టి 60 డిగ్రీల దగ్గర కరిగించాలి. 70 దాటితే పట్టు పోతుంది. బ్రష్ ఎత్తితే తెగని దారంలా జారాలి, నీళ్లలా చుక్కలు పడితే పలుచన, ముద్దగా పడితే చిక్కన. లేచిన తెల్ల ముక్కల కింద దీన్ని చిక్కగానే, సన్నని కుంచెతో చాలా తక్కువగా పెట్టండి. దంతం తడి తగిలితే వంగుతుంది కనుక నీళ్లు పోసి మెత్తబరచాలని చూడవద్దు. పైన మైనపు కాగితం వేసి, చిన్న చెక్క బిళ్ల పెట్టి, సైకిలు ట్యూబును పొడవుగా కోసిన పట్టీతో పెట్టె చుట్టూ బిగించండి. ఇనుప క్లాంపుల కంటే అది సమంగా నొక్కుతుంది, మూలలను నొక్కి పాడు చేయదు.

ఊడిన బందు కింద మర రంధ్రాలు వదులై ఉంటాయి. పెద్ద మర వేయకండి. రంధ్రంలో అదే కర్ర పుల్లను ఆ జిగురుతోనే దిగ్గొట్టి, ఆరాక పాత మరనే తిరిగి బిగించండి. తీసిన మరల కొనలను కూడా చూడండి. కొన మొద్దుగా ఉండి, తల గాడి మధ్యలో కాకుండా పక్కకు ఉంటే అవి 19వ శతాబ్దం సగం కాకముందు చేసినవై ఉండవచ్చు. కొన సూదిగా ఉండే మరలు ఆ తరువాతే వాడుకలోకి వచ్చాయి.

జవాబు – గాజువాక చెక్కపని

ఇత్తడికి చింతపండు వద్దు. బిందెకు అది బాగుంటుంది, కడిగి బోర్లించవచ్చు. పెట్టె మూలకు పెడితే పులుపు ఇత్తడికీ కర్రకూ మధ్య సందులోకి దిగి అక్కడే ఉండిపోతుంది, ఇనుప మేకు ఉన్నచోట నల్లటి మచ్చ వేస్తుంది. పొడి మెత్తని గుడ్డతో తుడిస్తే వచ్చే మెరుపు చాలు. తాళం కోసం పెట్టెను తీసుకుని బజారుకు వెళ్లకండి. లోపలి మరలు విప్పి తాళాన్ని మాత్రమే తీసి, చెవులు చేసేవారికి చూపండి. లోపల కొబ్బరినూనె వేయవద్దు, అది జిడ్డుగట్టి దుమ్ము పట్టిస్తుంది. పెన్సిలు ముల్లు పొడి చాలు.

ప్రశ్నించినవారు – పాతపట్నం మనవడు

అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. సిరాబుడ్డి గూడు లోపల, వాలు బల్ల మీద సిరా మరకలు చాలా ఉన్నాయి. ఆక్సాలిక్ ఆమ్లంతో పోతాయని చదివాను. తీసేయవచ్చా?

జవాబు – విశ్రాంత మ్యూజియం ఉద్యోగి

పోతాయి, కాని తీయకపోవడమే మంచిది. కరక్కాయ, అన్నభేది కలిపి కాచిన సిరాలో ఇనుము ఉంటుంది, అందుకే ఆక్సాలిక్ ఆమ్లం దాన్ని కరిగిస్తుంది. అయితే మరకతోపాటు చుట్టూ ఉన్న కర్ర రంగు కూడా పాలిపోయి, నల్ల మచ్చ స్థానంలో తెల్ల మచ్చ మిగులుతుంది. ఆమ్లం విషపదార్థం కూడాను. చందనపు అరల్లో నూనె గాని మైనం గాని ఏదీ రాయకండి, వాసన మూసుకుపోతుంది. బయటి కర్రకు మాత్రం అంతా అయ్యాక తేనెమైనం అతి పలుచగా పట్టించి, మరునాడు గుడ్డతో మెరుగు పెట్టండి. పొదుగు మీద ఆ మైనం వద్దు.

మరొక్క మాట. ఇటువంటి పెట్టెలు చాలావాటిలో దొంగ అర ఉంటుంది. సిరాబుడ్డి గూడు లోతును పుల్లతో కొలిచి, బయట పెట్టె ఎత్తుతో పోల్చి చూడండి. మందానికి మించి తేడా ఉంటే గూడు పక్కనున్న పలుచని అడ్డుపలకను పైకి గాని పక్కకు గాని వేలితో నెమ్మదిగా నొక్కి చూడండి. చాలాచోట్ల దాని వెనుక స్ప్రింగు రేకు ఉంటుంది. కదలకపోతే ఉలి పెట్టి తెరవకండి, తేమకు బిగుసుకుని ఉండవచ్చు, గాలి పొడిబడ్డాక మళ్లీ ప్రయత్నించండి.