షాపు పేరుతో ఇచ్చే క్రెడిట్ కార్డు: నెల జీతం లేని ఇంటికి పనికొస్తుందా?

లంకతోట

నమస్తే అండి. మాది అమలాపురం దగ్గర పల్లె. ఆదాయం సార్వా, దాళ్వా వరి మీద, కొంత కొబ్బరి మీద. నెలనెలా జీతం అంటూ లేదు. బట్టలూ ఇంటి సామాన్లూ అమ్మే ఒక పెద్ద షాపులో బిల్లు కౌంటర్ దగ్గర వాళ్ల పేరుతో క్రెడిట్ కార్డు ఇస్తామంటున్నారు. "ఇవాళే తీసుకోండి, మొదటి బిల్లు మీద 10 శాతం తగ్గింపు" అంటున్నారు. ఏటా ఫీజు 499. ఆ షాపులో వంద ఖర్చు పెడితే 10 పాయింట్లు. దసరాకి 36,000 పెట్టి ఫ్రిజ్ కొనాలి. తీసుకోవచ్చా? తీసుకుంటే ఏం చూసుకోవాలి? దరఖాస్తులో ఆదాయం ఏమని రాయాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

గట్టుమీద_లెక్క

కార్డు మీద పేరు షాపుదే గానీ అప్పు ఇచ్చేది బ్యాంకు. ఫామ్ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న బ్యాంకు పేరు ముందు చదవండి. వడ్డీ, బిల్లు, ఫిర్యాదు, రద్దు అన్నీ ఆ బ్యాంకుతోనే. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం షాపువాళ్ల పాత్ర కార్డును ప్రచారం చేసి అంటగట్టడం వరకే. మీరు ఎక్కడ ఏం కొన్నారో ఆ లావాదేవీల సమాచారం కూడా వాళ్లకి అందకూడదు. అంచేత రేపు బిల్లులో తేడా వస్తే కౌంటర్ దగ్గర కుర్రాణ్ణి నిలదీసి లాభం లేదు.

ఇక పాయింట్లు. వందకి 10 అనగానే 10 శాతం అనుకుంటాం. పాయింటు ఖరీదు ఎంతో అడగండి. చాలా కార్డుల్లో 25 పైసలే ఉంటుంది. అలాగైతే వందకి రెండున్నర రూపాయలు. ఫీజు 499కి 18 శాతం జీఎస్టీ కలిపితే 589. అంటే ఏడాదిలో ఆ షాపులో 23,560 ఖర్చు పెడితే ఫీజు డబ్బులు వెనక్కొస్తాయి, లాభం ఇంకా మొదలవదు. ఫీజు లేకుండా ఎక్కడ వాడినా 1 శాతం ఇచ్చే మామూలు కార్డుతో పోలిస్తే మీకు అదనంగా మిగిలేది ఒకటిన్నర శాతమే. ఆ లెక్కన ఏడాదికి 39 వేల పైచిలుకు ఆ ఒక్క షాపులోనే కొంటేగాని గిట్టదు. ఊరినుంచి సంక్రాంతికోసారి, పెళ్లికోసారి వెళ్లే షాపు అయితే అంత ఖర్చు అవుతుందా అన్నది మీకే తెలియాలి. పాయింట్లు ఎన్నాళ్లకి చెల్లకుండా పోతాయి, బంగారం మీద ఇస్తారా, ఈఎంఐ మీద ఇస్తారా అన్నవి కూడా అడగండి.

10 శాతం తగ్గింపుకి పైన ఓ గీత గీసి ఉంటుంది. "గరిష్ఠం 1,000" అని ఉంటే 36,000 మీద మీకు వచ్చేది 3,600 కాదు, వెయ్యే. పైగా ఆ తగ్గింపు ఆ రోజు బిల్లులోనే పడుతుందా, కార్డు ఇంటికొచ్చి యాక్టివేట్ అయ్యాక కూపన్‌గా వస్తుందా? రెండోదైతే "ఇవాళే తీసుకోండి" అన్న తొందరకి అర్థమే లేదు.

మీ విషయంలో వీటన్నిటికంటే పెద్ద చిక్కు తేదీలు. కార్డు బిల్లు నెలకోసారి వస్తుంది. సార్వా ధాన్యం డబ్బు చేతికొచ్చేసరికి డిసెంబరు, ఒక్కోసారి సంక్రాంతి. బిల్లు తయారయ్యే తేదీ (స్టేట్‌మెంట్ తేదీ) 12 అనుకోండి, కట్టడానికి 20 రోజుల గడువు. అక్టోబరు 10న కొంటే ఆ కొనుగోలు అక్టోబరు 12 బిల్లులోకే వెళ్తుంది, నవంబరు 1లోగా కట్టాలి. మీ చేతిలో 22 రోజులే. అదే 13న కొంటే నవంబరు 12 బిల్లులో పడుతుంది, గడువు డిసెంబరు 2. అంటే 50 రోజులు. మూడు రోజులు ఆగితే నెల కలిసొస్తుంది.

డిసెంబరు 2కి కూడా డబ్బు రాలేదనుకోండి. "కనీస మొత్తం" 5 శాతం, అంటే 1,800 కట్టి ఊపిరి పీల్చుకుంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. మిగిలిన 34,200 మీద వడ్డీ డిసెంబరు 2 నుంచి పడదు, కొన్న రోజునుంచి, అంటే అక్టోబరు 13 నుంచి పడుతుంది. నెలకి మూడున్నర శాతం చొప్పున రోజుకి 39 రూపాయలు. 50 రోజులకి 1,950 పైన, జీఎస్టీతో దాదాపు 2,300. మీరు కట్టిన 1,800 కంటే అదే ఎక్కువ. ఆ పైన మీటరు తిరుగుతూనే ఉంటుంది. పాత బాకీ ఉన్నన్నాళ్లూ కొత్తగా కొన్నవాటికి వడ్డీలేని గడువు కూడా ఉండదు, పాల ప్యాకెట్ కొన్నా ఆ రోజునుంచే వడ్డీ.

కాబట్టి ఫ్రిజ్ డబ్బులు ఇప్పటికే బ్యాంకులో ఉంటే కార్డు మీద కొనండి. పంట డబ్బు వస్తుందన్న ఆశతో మాత్రం కొనకండి.

కాగితాల_పని

దరఖాస్తు సంగతి నేను చెప్తాను.

కౌంటర్ దగ్గర ట్యాబ్ పట్టుకున్న కుర్రాడు మిమ్మల్ని అడక్కుండానే ఉద్యోగం గడిలో "స్యాలరీడ్", ఆదాయం గడిలో 25,000 కొట్టేస్తాడు. అలా కొడితేనే సిస్టమ్ ముందుకెళ్తుంది, అతని టార్గెట్ అతనిది. కానీ తప్పు సమాచారం ఇచ్చినట్టు రికార్డుకెక్కేది మీ పేరు. స్క్రీన్ మీ చేతిలోకి తీసుకుని వృత్తి వ్యవసాయం అని, ఉన్న ఆదాయం ఉన్నట్టు పెట్టించండి.

వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి మనవైపు చాలామంది రిటర్న్ వేయరు. బ్యాంకేమో ఆదాయం రుజువు అడుగుతుంది. రిటర్న్ వేసి అందులో వ్యవసాయ ఆదాయం చూపిస్తే పని సులువవుతుంది. ఒక జాగ్రత్త: వ్యవసాయ ఆదాయం ఏడాదికి 5,000 దాటితే ఐటీఆర్-1 అనే రిటర్న్ ఫారం పనికిరాదు. వ్యాపారం లేకపోతే ఐటీఆర్-2 వేయాలి. రిటర్న్ లేకపోతే ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తారు. ధాన్యం డబ్బు, కొబ్బరి దింపు డబ్బు నగదుగా కాకుండా ఖాతాలో పడుతుంటేనే అది పనికొస్తుంది. ఇవేవీ కుదరకపోతే ఫిక్స్‌డ్ డిపాజిట్ తాకట్టు మీద కార్డు ఇచ్చే బ్యాంకులున్నాయి. అది షాపు కార్డు అవకపోవచ్చు గానీ క్రెడిట్ స్కోరు (అప్పులు తీర్చే తీరుకి వేసే మార్కులు) కట్టుకోవడానికి మంచి దారి.

ముందు మీ స్కోరు చూసుకోండి, మనవాళ్లు సిబిల్ అనేది దాన్నే. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, ఈ నాలుగూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. బ్యాంకు చూస్తే "ఎంక్వయిరీ"గా నమోదవుతుంది. ఒకే నెలలో నాలుగు చోట్ల దరఖాస్తు పెడితే అప్పు కోసం తిరుగుతున్నాడు అన్నట్టు కనిపిస్తుంది. షాపుల్లో "ఊరికే ఎలిజిబిలిటీ చూద్దాం సార్" అంటే కూడా ఏ ఓటీపీకి దేనికి ఒప్పుకుంటున్నారో ఆ మెసేజ్ మొత్తం చదివాకే చెప్పండి. మొదటి ఓటీపీ స్కోరు చూడ్డానికి, రెండోది దరఖాస్తు పంపడానికి కావచ్చు. కుర్రాడు రెండూ ఒకే ఊపులో అడిగేస్తాడు.

పిన్‌కోడ్ ముందే కొట్టించి చూడండి. లంక గ్రామాల్లో కొన్నింటికి బ్యాంకులు కార్డు పంపవు. అది తెలియకుండా అంతా నింపితే ఎంక్వయిరీ పడుతుంది, కార్డు రాదు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాల్సిన బాధ్యత బ్యాంకుది, అడిగి తీసుకోండి.

వీడియో కేవైసీకి (వీడియో కాల్‌లో గుర్తింపు తనిఖీ) ఒరిజినల్ పాన్ కార్డు, తెల్ల కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. లొకేషన్ ఆన్‌లో ఉండాలి. కొబ్బరితోటలో కూర్చుంటే సిగ్నల్ రాదు, డాబా ఎక్కండి. ఆధార్ జిరాక్స్ ఇవ్వాల్సొస్తే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చి, దాని మీద అడ్డంగా "ఫలానా కార్డు దరఖాస్తుకి మాత్రమే" అని తేదీతో రాయండి.

సంతకానికి ముందు ఒక్క పేజీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడగండి. వడ్డీ రేటు, ఛార్జీలు అందులో ఉంటాయి, అది ఇవ్వడం తప్పనిసరి. ఇన్సూరెన్స్, "కార్డ్ ప్రొటెక్షన్" టిక్కులు ముందే పెట్టి ఉంటే తీసేయించండి.

మెరకచేను

పైవాళ్లు చెప్పింది బానే ఉంది గానీ ఫ్రిజ్ కోసం కార్డు ఎందుకండీ? పంట రుణానికి కిసాన్ క్రెడిట్ కార్డు (కేసీసీ) ఉంటే, ఆ లిమిట్ లెక్కలోనే పంట ఖర్చు మీద 10 శాతం ఇంటి అవసరాలకి కలుపుతారు. వాయిదా పంటను బట్టి ఉంటుంది, వడ్డీ ఈ షాపు కార్డు వడ్డీలో నాలుగో వంతు కూడా ఉండదు. మీ బ్యాంకులో అడిగి చూడండి.

ఇంకోటి. మనవాళ్లు "కార్డు" అని పిలిచేవి రెండు రకాలు. ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే ఈఎంఐ కార్డు వేరు. దాంతో కొన్న ప్రతి వస్తువూ ఒక విడి అప్పు, బ్యాంకు ఖాతాలోంచి వాయిదా వాళ్లే లాక్కుంటారు. కౌంటర్లో ఏది ఇస్తున్నారో తేల్చుకోండి. క్రెడిట్ కార్డు గడువు ఒక్కరోజు దాటినా లేటు ఫీజు పడుద్ది, అది కూడా గుర్తుంచుకోండి.

గట్టుమీద_లెక్క

చిన్న సవరణ. లేటు ఫీజు గడువు దాటి మూడు రోజులు మించాకే వేయాలి, అదీ మిగిలిన బాకీ మీదే లెక్కగట్టాలి. వడ్డీకి మాత్రం ఆ మూడు రోజుల మినహాయింపు లేదు. కేసీసీ మాట బాగా చెప్పారు.

లంకతోట

చాలా థాంక్స్ అండి. ఫ్రిజ్ డబ్బులు డిపాజిట్లో ఉన్నాయి, 13వ తారీఖు కిటుకు నచ్చింది. కార్డు తీసుకుంటే దొంగల బెడద ఎలా? నో కాస్ట్ ఈఎంఐ నిజంగా ఉచితమేనా? వస్తువు వాపసు ఇస్తే ఏమవుద్ది?

పిన్ను_పదిలం

నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ ఉంటుంది. ఆ మేరకు ధర ముందే తగ్గించి చూపిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీవే. రొక్కానికి ఇంకా తగ్గిస్తారేమో కూడా అడగండి, ఆ తగ్గింపు పోతే అదే అసలు ఖర్చు. వాపసు ఇస్తే షాపు డబ్బు వెనక్కి పంపుతుంది గానీ ఈఎంఐ దానంతటది ఆగకపోవచ్చు. బ్యాంకుకి విడిగా చెప్పి రద్దు చేయించండి, రిటర్న్ స్లిప్ దాచండి. గడువులోగా వాపసు డబ్బు బిల్లులో కనిపించకపోతే పూర్తి బిల్లు కట్టేసి తర్వాత అడగడం క్షేమం.

కార్డు రాగానే యాప్‌లోకి వెళ్లండి. కొత్త కార్డులో ఆన్‌లైన్, విదేశీ, ట్యాప్ వాడకాలు ఆపేసి ఉంటాయి. కావలసింది మాత్రమే తెరవండి. ట్యాప్‌లో 5,000 దాకా పిన్ అడగదు, అందుకని రద్దీ బజారులో తిరిగేవాళ్లు దాన్ని మూసి ఉంచడమే మేలు. ఆన్‌లైన్ పరిమితి కొనే రోజు పెంచి, సాయంత్రానికి దించేయండి. విదేశీ వాడకం తెరవనే వద్దు.

ఆటోపే పెడితే అక్కడ రెండు గడులుంటాయి: మొత్తం బాకీ, కనీస మొత్తం. రెండోదానికి టిక్కు ఉందేమో చూడండి. చాలామంది ఆటోపే పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండి ఏడాదంతా వడ్డీ కట్టేది ఇక్కడే. గడువుకి రెండు రోజుల ముందే ఖాతాలో డబ్బు ఉంచండి. ఏటీఎంలో క్రెడిట్ కార్డు పెట్టి నగదు తీయొద్దు, ఫీజుతో పాటు తీసిన రోజునుంచే వడ్డీ. "స్వైప్ చేసి క్యాష్ ఇస్తాం" అనే దుకాణాల జోలికి అసలే వెళ్లొద్దు. అది కార్డు నిబంధనలకి విరుద్ధం, బ్యాంకు గమనిస్తే కార్డు ఆపేస్తుంది.

షాపు కార్డులకి ప్రత్యేకంగా వచ్చే మోసం పాయింట్లది. "మీ 5,000 పాయింట్లు ఈ రాత్రితో చెల్లకుండా పోతాయి" అని లింకు, లేదా వాట్సాప్‌లో ఏపీకే ఫైలు. ఆ ఫైలు ఇన్‌స్టాల్ చేస్తే మీ ఓటీపీ మెసేజ్‌లు వాళ్లే చదువుతారు, మిమ్మల్ని అడగాల్సిన పనే ఉండదు. గూగుల్లో కస్టమర్ కేర్ నంబరు వెతక్కండి, కార్డు వెనక ఉన్నదే వాడండి.

మీరు చేయని ఖర్చు మెసేజ్ వస్తే ముందు యాప్‌లో కార్డు బ్లాక్ చేసి, బ్యాంకుకి చెప్పి ఫిర్యాదు నంబరు రాసుకోండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మీ తప్పు, బ్యాంకు తప్పు లేకుండా జరిగిన మోసాన్ని మూడు పనిదినాల్లోగా చెబితే మీ మీద భారం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే, 5 లక్షల లోపు లిమిట్ ఉన్న కార్డుకి 10,000 దాకా మీ నెత్తిన పడొచ్చు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకి చెప్పే క్షణం వరకు పోయిందంతా మీదే. అందుకే గంటలు లెక్క. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) వెళ్లొచ్చు, వివరాలకి నంబరు 14448.

లంకతోట

నచ్చకపోతే రద్దు చేయడం కష్టమా అండి? షాపులో ఇచ్చేస్తే సరిపోతుందా?

కాగితాల_పని

షాపులో ఇస్తే ఏమీ అవదు. పాయింట్లు వాడేసి, బాకీ సున్నా చేసి, యాప్‌లోగానీ మెయిల్లోగానీ బ్యాంకుకి పెట్టండి. ఏడు పనిదినాల్లో మూసెయ్యాలి. బాకీ లేకుండా ఆలస్యం చేస్తే రోజుకి 500 చొప్పున మీకే చెల్లించాలి. అసలు కార్డు జారీ అయి 30 రోజులు దాటినా మీరు యాక్టివేట్ చేయకపోతే బ్యాంకు ఓటీపీతో మీ సమ్మతి అడగాలి. మీరు ఒప్పుకోకపోతే ఖర్చు లేకుండా మూసేయాలి. అంచేత కవరు వచ్చాక కీ ఫ్యాక్ట్ కాగితంలో ఉన్నదీ లోపల ఉన్న రేట్లూ పక్కపక్కన పెట్టి చూసుకుని, సరిపోతేనే యాక్టివేట్ చేయండి.