2024 ఎన్నికలు: ఏప్రిల్ 26న బెంగళూరులో ఓటేశాను, మే 13న ఊళ్లో వేయొచ్చా?

కదిరి కుర్రాడు
మొన్న ఏప్రిల్ 26న మహదేవపురలో లోక్‌సభకు ఓటేశాను. కదిరిలో కూడా నా పేరు ఇంకా లిస్టులో ఉంది. మే 13న మన దగ్గర అసెంబ్లీ, లోక్‌సభ రెండూ ఒకేరోజు. శనివారం రాత్రి బస్సుకు టికెట్ కూడా తీసేశాను. మా టీంలో ఒకాయన అది నేరం అంటున్నాడు. నేను లోక్‌సభ మిషన్ జోలికి పోను, అసెంబ్లీకి ఒక్కటే వేస్తాను. 2019లో 151 సీట్లు తెచ్చుకున్న ముఖ్యమంత్రి జగన్ ఈసారి "వై నాట్ 175" అంటున్నాడు. ఇలాంటి ఎన్నికప్పుడు ఇక్కడ కూర్చుని టీవీ చూడటం నా వల్ల కాదు. తెలిసినవాళ్లు చెప్పండి.

రామ్మూర్తినగర్ మాస్టారు
కుదరదు బాబూ. 1950 ప్రజా ప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ చదువు. ఒక మనిషి పేరు రెండు నియోజకవర్గాల జాబితాల్లో ఉండటానికి వీల్లేదు. ఊళ్లో ఇల్లుందంటావేమో, 20వ సెక్షన్ దానికీ జవాబు చెప్పింది. ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు కాదు. ఇక్కడికి మారినప్పుడు ఓటు బదిలీ చేయించుకుని ఉంటే పాత పేరు పోయేది. నువ్వు ఫారం 6 నింపి కొత్త ఓటరుగా చేరి ఉంటావు. అందులో "నాకు వేరే ఎక్కడా ఓటు లేదు" అని సంతకం పెట్టే ఉంటావు. తప్పుడు డిక్లరేషన్‌కు 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

నెల్లూరోడు
సెక్షన్ల సంగతి తర్వాత. వేలి మీద ఇంకు ఏం చేస్తావు బ్రో?

కదిరి కుర్రాడు
చర్మం మీద పోయింది. గోరు మొదట్లో గీత ఉంది. పదమూడో తారీఖుకు పోదా?

నెల్లూరోడు
పోదు. అది మన పక్కనే మైసూరు పెయింట్స్‌లో తయారయ్యే సిరా. అందులో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది. గోరు పెరిగి కత్తిరించేదాకా పోదు. నిమ్మకాయ, టూత్‌పేస్ట్ ఏదీ పనిచేయదు.

రామ్మూర్తినగర్ మాస్టారు
చెరపాలని చూసినా ఓటు ఇవ్వరు. ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 49కె అదే చెబుతుంది. ఎడమ చూపుడు వేలు చూపించకపోయినా, దాని మీద గుర్తు ఉన్నా, గుర్తు చెరిపే ప్రయత్నం చేసినా వెనక్కి పంపాలి.

కదిరి కుర్రాడు
మాస్టారూ, అసెంబ్లీ వేరు, లోక్‌సభ వేరు. 1951 చట్టం 62వ సెక్షన్ ఒకే తరహా ఎన్నికలో రెండు చోట్ల వేయొద్దంటుంది. ఇక్కడ నేను అసెంబ్లీకి వేయలేదు కదా.

రామ్మూర్తినగర్ మాస్టారు
62 చదివావు, 17 వదిలేశావు. ముందు జాబితాలో రెండు చోట్ల పేరు ఉండటమే తప్పు. ఆ తర్వాతే ఏ మిషన్ నొక్కావన్నది. మన బూత్‌లో రెండు మిషన్లూ పక్కపక్కనే ఉంటాయి. వేలు ఒక్కసారే చూస్తారు.

హొరమావు నివాసి
అసలు బెంగళూరులో ఓటు ఉంచుకుని ఏం సాధిస్తున్నాం? నగరపాలక సంస్థ బీబీఎంపీకి 2015 తర్వాత ఎన్నికలే లేవు. 2020 సెప్టెంబర్ నుంచి వార్డుకు కార్పొరేటరే లేడు. ఈ మార్చిలో మా బోరు ఎండిపోయి ట్యాంకర్ల వెంట పడ్డాం. ఎవరిని అడగాలో తెలియలేదు. ఊళ్లో అయితే కనీసం సర్పంచ్ ఇంటి ముందు నిలబడి అరవొచ్చు.

పెనుకొండ
మా నాన్న సర్జాపూర్ రోడ్డులో ఒక సైటులో మేస్త్రీ. ఆయనకు ఇక్కడ ఓటు లేదు, ఊళ్లోనే ఉంది. పోయి రావడానికి రెండు రోజుల కూలి పోతుంది. అయినా పోతాడు. రెండు చోట్లా ఓటు పెట్టుకున్నవాళ్లను చూస్తే నాకు కోపమొస్తుంది అన్నా.

పలమనేరు ఆడపడుచు
నేను ఈ సెక్షన్ల జోలికి పోను. కదిరి తమ్ముడూ, ఒక్క మాట అడుగుతాను. నువ్వు అంత దూరం పోయి వేయాలనుకుంటున్నది ఉన్నాయన గెలవాలనా, ఓడిపోవాలనా?

కదిరి కుర్రాడు
ఓడిపోవాలనే అక్కా. దాచేదేముంది. మా తాత కొన్న పొలానికి ఇచ్చిన పాస్‌బుక్ మీద ముఖ్యమంత్రి ఫొటో ఎందుకుండాలి? ల్యాండ్ టైట్లింగ్ చట్టం పోయిన అక్టోబర్ 31 నుంచి అమల్లోకి వచ్చింది. భూమి తగాదా వస్తే ముందు కోర్టుకు కాదు, వాళ్లు పెట్టే అధికారి దగ్గరికి పోవాలట. మా నాన్న లేడు. పొలం చూసుకునేది అమ్మ ఒక్కతే. ఆమెను ఎవడి ఆఫీసు చుట్టూ తిప్పాలి?

పలమనేరు ఆడపడుచు
మా అమ్మ కూడా ఒక్కతే. 72 ఏళ్లు. ఒకటో తారీఖు తెల్లారకముందే వాలంటీర్ పిల్ల వచ్చి తలుపు తడుతుంది. పొలం పనులు చేసీ చేసీ అమ్మ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి, మిషన్ మీద ముద్ర పడదు. ఆ పిల్ల తడిగుడ్డతో వేలు తుడిచి, నొక్కించి, పడకపోతే ఇంకో వేలు పెట్టించి, పింఛను మూడు వేలు చేతిలో పెట్టి పోతుంది. ఎన్నికల సంఘం వాలంటీర్లను పక్కన పెట్టమన్నాక పోయిన నెల అమ్మ ఎండలో సచివాలయానికి నడిచింది. ఈ నెల డబ్బు బ్యాంకులో పడిందన్నారు. బ్యాంకు మా ఊరికి ఏడు కిలోమీటర్లు. నువ్వు బస్సెక్కి వెళ్లి ఒక బటన్ నొక్కి సోమవారం రాత్రికి మళ్లీ బెంగళూరు బస్సెక్కుతావు. ఐదేళ్లూ అక్కడ ఉండేది మా అమ్మ.

కదిరి కుర్రాడు
మీ అమ్మకు వస్తోంది, సంతోషం. మా అమ్మకు ఆగిపోయింది. ఎందుకో తెలుసా? నా వల్ల. రేషన్ కార్డులో నా పేరు ఉంది, నేను ఇన్‌కమ్ ట్యాక్స్ కడుతున్నాను, కాబట్టి ఆ ఇంట్లో వితంతు పింఛను ఇవ్వకూడదని తేల్చారు. నేను బెంగళూరులో ఉంటాను, వేరే కాపురం అని రాసిచ్చాం. ఒకాయన కాగితం తీసుకున్నాడు, ఇంకొకాయన ఆ కాగితం తన దగ్గరికి రాలేదన్నాడు.

ఒంగోలు అబ్బాయి
ట్యాక్స్ కట్టే కొడుకున్నాడు కదా, పింఛను ఎందుకు మరి? నెలకు మూడు వేలు పంపలేవా?

కదిరి కుర్రాడు
పదిహేను వేలు పంపుతాను. అది నా డబ్బు. అందులోంచి కాఫీ పొడి కొన్నా నాకు ఫోన్ చేసి చెబుతుంది. పింఛను ఆమె డబ్బు. గుడికి, మనవరాలి గాజులకు, దేనికి ఖర్చు పెట్టిందో నన్నెప్పుడూ అడగనివ్వలేదు. అది పోయినప్పటి నుంచి ఇంట్లో ఆమె మాటే తగ్గిపోయింది. మీకు ఇది అర్థం కాకపోతే నేనేం చేయలేను.

పలమనేరు ఆడపడుచు
నాకు బాగా అర్థమవుతుంది. అందుకే చెబుతున్నాను. మా అమ్మకూ అదే విలువ. దాన్ని తీసేస్తారేమోనని ఆమెకు రాత్రిళ్లు టెన్షన్.

నెల్లూరోడు
ఎవరూ తీసేయరు అక్కా. అటు తెలుగుదేశం కూటమి నాలుగు వేలంటోంది, ఏప్రిల్ నుంచి లెక్కగట్టి ఇస్తామంటోంది.

పలమనేరు ఆడపడుచు
చెప్పేవాళ్లు చాలామంది. ఇచ్చినవాడు కళ్ల ముందు ఉన్నాడు.

ఒంగోలు అబ్బాయి
1999లో ఉన్నాయనే గెలిచాడు, 2009లో ఉన్నాయనే గెలిచాడు. ఇచ్చినవాడిని మనవాళ్లు మర్చిపోరు.

కదిరి కుర్రాడు
మూడు వేలకు ఐదేళ్ల రాష్ట్రం రాసిచ్చేస్తారా? రోడ్లు చూశారా? రాజధాని ఎక్కడో చెప్పగలరా? ఉద్యోగాలుంటే నేను ఇక్కడ ఎందుకుంటాను?

పలమనేరు ఆడపడుచు
ఎవరు రాసిచ్చారు? మా అమ్మ ఓటును మూడు వేలకు కొన్నట్టు మాట్లాడకు. నీ అమ్మ పింఛను అయితే ఆమె గౌరవం, మా అమ్మ పింఛను అయితే లంచమా?

పెనుకొండ
అక్క అన్నది కరెక్ట్.

హొరమావు నివాసి
తమ్ముడి మాట కూడా తీసిపారేయలేం. ఇక్కడ ఇంత మంది తెలుగువాళ్లం ఉన్నామంటే అక్కడ పని లేకనే కదా. పోయినవాళ్లకు మాట్లాడే హక్కు లేదంటే ఎందుకు పోయారో ఎవరు చెబుతారు?

రామ్మూర్తినగర్ మాస్టారు
అందుకే చట్టం ఉంది. ఉన్న చోట ఓటు. ఇంకో మాట లేదు.

కదిరి కుర్రాడు
మాస్టారూ, మీరు పొద్దున్నుంచీ ఒకే పాట. మీకు ఆ రాష్ట్రం ఏమైనా ఫర్వాలేదు కాబట్టి సెక్షన్లు చెబుతున్నారు.

రామ్మూర్తినగర్ మాస్టారు
ఫర్వాలేదా? మా అన్నదమ్ములు తుళ్లూరు దగ్గర రాజధానికి పొలం ఇచ్చారు. భూసమీకరణలో పోగైన దాదాపు 33 వేల ఎకరాల్లో మాదీ ఉంది. 2019 డిసెంబర్‌లో అసెంబ్లీలో మూడు రాజధానులన్న రోజు మా వదిన ఫోన్‌లో ఏడ్చింది. ఈ ఎన్నికలో నాకు వేయాలని ఉండదా? నేను ఓటు ఇక్కడికి మార్చుకున్నాను. చట్టం అదే చెప్పింది కాబట్టి మార్చుకున్నాను. మే 13న ఆ బూత్ దగ్గర నాకు పని లేదు. నేను ఆ బాధ దిగమింగి కూర్చుంటే, నువ్వు ఇక్కడొకటి అక్కడొకటి వేస్తానంటే నేను చూస్తూ ఊరుకోవాలా?

నెల్లూరోడు
మాస్టారూ, ఇది ముందే చెప్పాల్సింది.

రామ్మూర్తినగర్ మాస్టారు
ముందే చెబితే పార్టీ కోసం మాట్లాడుతున్నానంటారు. నాకు కావలసింది వాళ్లు ఓడటమే. దానికి దొంగ ఓటు మాత్రం వద్దు.

పలమనేరు ఆడపడుచు
మీ పొలం బాధ నిజమే మాస్టారూ. కానీ పలమనేరులో వాన కోసం చూసే వాళ్లకు అమరావతి ఎప్పుడూ తమ ఊరు అనిపించలేదు. ఆ డబ్బంతా ఒక్క చోట పోస్తే మాకేం మిగులుతుందన్న భయం మాకు 2015 నుంచీ ఉంది. అసలు గొడవ అది. ఇంకు గురించి కాదు.

రామ్మూర్తినగర్ మాస్టారు
ఆ భయం చూపించే మూడు ముక్కలు చేశారు. మీకు వచ్చిందేమిటి?

పలమనేరు ఆడపడుచు
ఒకటో తారీఖు తలుపు తట్టే పిల్ల వచ్చింది. అంతకు ముందు ఏ ప్రభుత్వమూ మా అమ్మ తలుపు తట్టలేదు.

కదిరి కుర్రాడు
ఓటు వేయను, సరే. ఈ ఒక్క రోజులో మూడు సెక్షన్లు చదివాను, కదిరి పేరు తీసేయించడానికి ఫారం పెడతాను. కానీ టికెట్ క్యాన్సిల్ చేయను. మా అమ్మను బూత్‌కు తీసుకెళ్తాను.

పలమనేరు ఆడపడుచు
తీసుకెళ్లు. ఎవరికి వేయాలో మాత్రం చెప్పకు.

కదిరి కుర్రాడు
చెబుతాను అక్కా. ఆమె కొడుకును. చెప్పింది వినాలో లేదో ఆమె చూసుకుంటుంది.