అప్‌డేట్: బ్లూగ్రాస్ వింటూ మేజోళ్లు అల్లాను, ఉన్ని కూడా వడికాను

కచేరీలో కూర్చుని మేజోళ్లు అల్లుకోవచ్చా, కదురు తిప్పితే పక్కవారికి ఇబ్బందా అని ఇదివరకు అడిగాను. అమెరికాలో వర్జీనియాలోని ఫ్లాయిడ్ కంట్రీ స్టోర్‌లో శుక్రవారం రాత్రి జరిగే జాంబోరీకి, అంటే బ్లూగ్రాస్ అనే అమెరికా పల్లె సంగీతం వినిపించే కచేరీకి వెళ్లొచ్చాను. చక్కగా కుదిరింది!

వెదురు సూదులు తీసుకెళ్లమన్న వారికి వేల కృతజ్ఞతలు. చప్పుడే లేదు. పిక్క భాగం గుండ్రంగా అల్లుకుపోవడమే కనుక చూపంతా వేదిక మీదే. మడమ తిప్పేటప్పుడు మాత్రం కుట్లు లెక్కపెట్టాలి. బాంజో అనే తీగల వాద్యం ఊపందుకున్నాక అది అయ్యే పని కాదు. 1945లో బ్లూగ్రాస్ సంగీతకారుడు బిల్ మన్రో బృందంలో చేరిన ఎర్ల్ స్క్రగ్స్, బాంజోను మూడు వేళ్లతో మీటే బాణీకి పేరు తెచ్చారు. ఆ స్వరాల జడివానలో లెక్కలేమి నిలుస్తాయి? మడమ పని ఇంట్లోనే పెట్టుకోండి.

లోపల కదురుకు చోటు లేదు. మొదట భక్తిగీతాలు, ఆ తర్వాత జనమంతా చెక్కనేల మీద పాదాలు దడదడలాడిస్తూ నాట్యం. అందుకే బయటికి వచ్చాను. వీధిలో వాద్యకారులు గుంపులుగా చేరి వాయిస్తున్నారు. గోడవారగా నిలబడి కదురు వదిలాను. ఫిడేలు స్వరం సాగుతుంటే వేళ్ల మధ్య ఉన్ని పోగు సన్నగా సాగుతూ దిగింది. ఎంత హాయో! రెండో మేజోడు కూడా అక్కడే మొదలుపెడతాను.