కొండకు మొక్కుకునే మనిషికి ఎర్రజెండా పార్టీలో సభ్యత్వం ఉండొచ్చా?

కొర్లగుంట కుర్రోడు

మాది తిరుపతి. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం, కొన్నేళ్లుగా యూనియన్ పనిలో ఉన్నాను. ఇప్పుడు సీపీఎం అభ్యర్థి సభ్యత్వానికి దరఖాస్తు పెట్టుకోమంటున్నారు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: ఆ పార్టీలో ఎవరినీ నేరుగా సభ్యులుగా తీసుకోరు. ఏడాది అభ్యర్థిగా ఉంచి, పని చూసి, ఆ తర్వాత పూర్తి సభ్యత్వం ఇస్తారు. లెవీ (ఆదాయంలో పార్టీకిచ్చే వాటా) కట్టాలి, శాఖా సమావేశాలకు రావాలి, కమిటీ నిర్ణయం నచ్చకపోయినా బయట దానికి వ్యతిరేకంగా మాట్లాడకూడదు. వీటన్నిటికీ నేను సిద్ధమే.

చిక్కు ఎక్కడంటే, నాకు దేవుడి మీద నమ్మకం ఉంది. ఏటా అలిపిరి నుంచి నడిచే కొండెక్కుతా. పాప పుట్టువెంట్రుకలు కొండ మీదే తీయిస్తామని మొక్కుకున్నాం. ఈ సంగతి చెప్తే శాఖలో ఒకాయన 'ఆలోచించుకుని రా' అన్నాడు. ఇంకొకాయన పక్కకు పిలిచి 'అవన్నీ చెప్పుకోవడం దేనికి, నేనూ పోతాను కదా' అన్నాడు. ఈ రెండో మాటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. కొన్ని నమ్మకాలు ఉన్నవాళ్లు కొన్ని పార్టీల్లో ఉండకూడదా? ఉంటే ఎవరు ఎవరిని మోసం చేసినట్టు? ఓదార్పు వద్దు, వాదించండి.

పాత హోల్‌టైమర్

ఓదార్పు నా దగ్గర లేదులే తమ్ముడూ. ఉండకూడదు, అంతే.

యూనియన్‌లో ఎవరైనా ఉండొచ్చు. నామం పెట్టుకున్నవాళ్లు, రంజాన్ ఉపవాసం ఉండేవాళ్లు, ఆదివారం చర్చికి పోయేవాళ్లు అందరూ ఉంటారు. ప్రజాసంఘాలను పార్టీ నుంచి వేరుగా పెట్టుకున్నదే అందుకు. పార్టీలోకి వచ్చేవాడు మాత్రం ప్రపంచాన్ని ఒక పద్ధతిలో చూస్తానని ఒప్పుకుని వస్తాడు. పొలమంతా ఒకడి చేతిలోనే ఎందుకుంది, కూలి ఎందుకు పెరగదు అంటే, అది మనుషులు చేసిన ఏర్పాటు, మనుషులే మార్చాలి అని చెప్పాల్సిన పని నీది. 'అంతా మా రాత' అనే కూలి మనిషికి నువ్వు గుండుతో ఎదురుపడి ఆ మాట చెప్తే ఆమె ఏమనుకోవాలి?

మతం ప్రభుత్వానికి సంబంధించినంతవరకు వ్యక్తిగత విషయం, పార్టీకి సంబంధించినంతవరకు కాదు అని లెనిన్ 1905లోనే రాశాడు. 2009లో సీపీఎం కేంద్ర కమిటీ, పార్టీలోని తప్పుడు పోకడలను సరిదిద్దడానికి దిద్దుబాటు పత్రం తెచ్చినప్పుడు, నాయకత్వంలో ఉన్నవాళ్లు మతపరమైన క్రతువులు చేయకూడదని చెప్పింది. అది నచ్చక కేరళలోని అలప్పుళ మాజీ ఎంపీ కె.ఎస్. మనోజ్ 2010 జనవరిలో రాజీనామా చేశాడు. ఆ మనిషంటే నాకు గౌరవం. నమ్మకం వదులుకోలేక పార్టీని వదులుకున్నాడు. మీ శాఖలో పక్కకు పిలిచినాయన మీదే నాకు గౌరవం లేదు.

మెట్లదారి

అన్న సగమే చెప్పాడు. అదే 1905 వ్యాసంలో, నాస్తికులమని పార్టీ కార్యక్రమంలో ఎందుకు రాసుకోలేదో కూడా వివరించాడు లెనిన్. 1909లో ఇంకా తేటగా రాశాడు. ఒక చర్చి ఫాదర్ వచ్చి, పార్టీ కార్యక్రమాన్ని వ్యతిరేకించకుండా పార్టీ పని నిజాయితీగా చేస్తానంటే చేర్చుకోవచ్చు. పార్టీలోకి వచ్చాక మతప్రచారమే పనిగా పెట్టుకుంటే పంపించేయాలి. ఫాదర్‌కే చోటున్న పార్టీలో మెట్లెక్కేవాడు బరువయ్యాడా?

2009 పత్రం మీద గొడవ లేచినప్పుడు అప్పటి పార్టీ ప్రధాన కార్యదర్శి ప్రకాశ్ కరత్ ఇచ్చిన వివరణ కూడా దాదాపు ఇదే: మతవిశ్వాసం ఉన్నవాళ్లు చేరడానికి అడ్డేమీ లేదు, ఆ సూచన నాయకత్వంలో ఉన్నవాళ్లకు. నిబంధనావళి చూడండి. పద్దెనిమిదేళ్లు నిండాలి, కార్యక్రమాన్ని ఒప్పుకోవాలి, ఏదో ఒక పార్టీ సంస్థలో పనిచేయాలి, లెవీ కట్టాలి. దేవుడి గురించి ఒక్క ముక్క లేదు.

ఇక మన ఊరి సంగతికి వద్దాం. తిరుపతిలో ఎర్రజెండా పట్టుకుని రోడ్డు మీదకు వచ్చేది ఎక్కువగా ఎవరు? టీటీడీ కాంట్రాక్టు కార్మికులు. కాటేజీలు ఊడ్చేవాళ్లు, బాత్రూములు కడిగేవాళ్లు. కల్యాణకట్టలో పీస్ రేటుకు గుండ్లు గీసే క్షురకుల కష్టాలు ఎవరికి తెలియవు? పర్మినెంట్ చేయాలని నినాదం ఇచ్చే నోటితోనే వాళ్లు గోవిందా అంటారు. అందులో వాళ్లకేమీ తేడా కనిపించదు. దేవుడికి సేవ చేస్తున్నాం, జీతం మాత్రం కాంట్రాక్టరు మింగుతున్నాడు అని వాళ్ల కోపం. వీళ్లు ధర్నాకు పనికొచ్చి పార్టీకి పనికిరాకపోతే, వీళ్ల తరఫున నిర్ణయాలు ఎవరు తీసుకోవాలి? ఏ దేవుణ్ణీ నమ్మని పెన్షనర్లా?

శ్రీవారి భక్తుడు

దేవుణ్ణి నమ్మనోళ్లకు తిరుపతిలో ఏం పని? వేరే ఊరు చూసుకోండి.

మెట్లదారి

సామీ, కొండ మీద స్వామిపై నమ్మకం ఉందని డిక్లరేషన్ అడిగేది అన్యమతస్థుల్ని. హిందూ కుటుంబంలో పుట్టిన నాస్తికుణ్ణి ఇంతవరకు ఎవరూ అడగలేదు. క్యూలో మీ ముందు నిలబడింది ఎవరో మీకేం తెలుసు?

తాతయ్యగుంట

నాదొక ప్రశ్న. మేలో గంగమ్మ జాతరకు ఏడాదంతా మీసం తిప్పే మొగోళ్లు చీర కట్టి, జడేసి, పూలు పెట్టుకుని వస్తారు. బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. అమ్మవారి ముందు బూతులు కూడా తిడతారు. ఇది మతమా, మా ఊరి పండగా? బెంగాల్లో దుర్గాపూజ పందిళ్ల పక్కన పార్టీవాళ్లు పుస్తకాల స్టాళ్లు పెడతారు. అది సంస్కృతి అయితే మా వేషం మూఢనమ్మకం ఎట్లయింది?

పాత హోల్‌టైమర్

పుస్తకాలు అమ్మడం వేరు, మొక్కు తీర్చుకోవడం వేరు. వేషం వేసేవాళ్లలో మొక్కుకుని వేసేవాళ్లే ఎక్కువ, ఆ సంగతి నీకూ తెలుసు. బెంగాల్ మాటెత్తావు కాబట్టి చెప్తున్నా. 2006లో అక్కడి సీపీఎం మంత్రి సుభాష్ చక్రవర్తి తారాపీఠ్ గుడిలో పూజ చేసి, ముందు తాను హిందువునని, బ్రాహ్మణుణ్ణని చెప్పుకున్నాడు. పార్టీ పెద్ద, మాజీ ముఖ్యమంత్రి జ్యోతిబసు బహిరంగంగానే తప్పుపట్టాడు. పూజ కంటే ఆ 'బ్రాహ్మణుణ్ణి' అన్న మాట నాకు ఎక్కువ గుచ్చుకుంది.

లాయరమ్మ, చిత్తూరు

చట్టం వైపు నుంచి చూస్తే ఇంకో తమాషా ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 1989 నుంచి అమల్లో ఉన్న 29ఏ సెక్షన్ ప్రకారం, ఎన్నికల సంఘం దగ్గర నమోదు కావాలంటే ప్రతి పార్టీ రాజ్యాంగానికి, సామ్యవాదం, లౌకికవాదం, ప్రజాస్వామ్యం అనే సూత్రాలకు కట్టుబడి ఉంటామని నిబంధనావళిలో రాసుకోవాలి. బీజేపీ నిబంధనావళిలోనూ ఆ వాక్యం ఉంది. అంటే సామ్యవాదం తప్పని మనస్ఫూర్తిగా నమ్మే మనిషి ఏ నమోదైన పార్టీలో చేరినా మొదటి పేజీలోనే తనకు నచ్చని వాక్యం ఎదురవుతుంది. కుర్రోడికి ఒక్క పార్టీతోనే చిక్కు. ఆ మనిషికి అన్నిటితోనూ.

మా చిత్తూరుకు దీంతో పాత సంబంధం ఉంది. 1959లో కాంగ్రెస్ నాగపూర్‌లో సహకార సేద్యం (రైతులు భూములు కలిపి ఉమ్మడిగా సాగు చేయడం) తీర్మానం చేసింది. రైతు భూమి రైతు చేతిలోనే ఉండాలన్న ఎన్.జి. రంగా అది మింగలేక బయటకొచ్చి, సామ్యవాదాన్ని వ్యతిరేకించే స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయ్యారు. 1962లో చిత్తూరు ఎంపీగా గెలిచిన అనంతశయనం అయ్యంగార్ బీహార్ గవర్నరుగా వెళ్లడంతో ఇక్కడ ఉపఎన్నిక వచ్చింది. రంగాను లోక్‌సభకు పంపింది చిత్తూరు ఓటర్లే. తర్వాత ఆయన మళ్లీ కాంగ్రెస్‌కే వెళ్లి 1980లో గుంటూరు నుంచి గెలిచారు. రంగా మారారని అంటారు కొందరు. సహకార సేద్యం ఊసు అప్పటికి కాంగ్రెస్సే వదిలేసిందని నేనంటాను. స్వతంత్ర పార్టీని ఈరోజు నమోదు చేయించాలంటే సామ్యవాదానికి విధేయులమని రాయించాలి. అది తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది.

కుర్రోడికి ఒక్క మాట. పార్టీ ఒక సంఘం. ఎవరిని చేర్చుకోవాలో తేల్చుకునే హక్కు దానికి ఉంటుంది. 'నన్నెందుకు తీసుకోరు' అని కోర్టుకెళ్లే కేసు కాదిది.

చంద్రగిరి నుంచి డబ్లిన్‌కు

నేనుండే దేశంలో, పక్క దేశంలో ఈ గొడవ రెండు రకాలుగా జరిగింది. 2013లో ఐర్లాండ్‌లో ఫైన్ గేల్ పార్టీ నాయకత్వంలోని ప్రభుత్వం గర్భస్రావం మీద చాలా పరిమితమైన బిల్లు తెచ్చింది. ఆ పార్టీ సహాయ మంత్రి లూసిండా క్రైటన్ తన మనస్సాక్షి ఒప్పుకోదని వ్యతిరేకంగా ఓటేసింది, పార్లమెంటరీ పార్టీ నుంచి బయటకు పంపారు. అది నాకు అర్థమవుతుంది. పార్టీ ఒక పని చేయమంది, ఆమె చేయలేదు.

2017లో బ్రిటన్‌లో లిబరల్ డెమోక్రాట్ల నాయకుడు టిమ్ ఫారన్ సంగతి వేరు. స్వలింగ సంపర్కం పాపమా అని ఎన్నికల ప్రచారమంతా అడుగుతూనే ఉన్నారు. పార్టీ విధానాన్ని ఆయన మార్చలేదు. అయినా చివరికి, ప్రగతిశీల పార్టీకి నాయకుడిగా ఉంటూ నిబద్ధత గల క్రైస్తవుడిగా బతకడం తనకు అసాధ్యమైందని చెప్పి తప్పుకున్నాడు. ఆమెను పంపింది ఓటు, ఆయన్ని పంపింది ప్రశ్నలు. కుర్రోడూ, నిన్ను ఏ దారిలో అడుగుతున్నారో ముందు తెలుసుకో. ఇంతవరకు నిన్ను ప్రశ్నలే అడిగారు, ఏ పనీ చేయమనలేదు.

పద్మావతిపురం అక్క

ఇంతసేపూ మీరంతా దేవుడి దగ్గరే తిరుగుతున్నారు. దేవుడున్నాడా లేడా అన్నది నీతికి సంబంధించిన ప్రశ్నే కాదు నా దృష్టిలో. కట్నం తీసుకోవచ్చా, కూతురు వేరే కులం అబ్బాయిని చేసుకుంటే ఇంట్లోకి రానివ్వాలా, ఇంట్లో పనిచేసే ఆమెకు వేరే గ్లాసు పెట్టొచ్చా, ఇవి నీతి ప్రశ్నలు. అదే దిద్దుబాటు ఉద్యమంలో ఆడంబర పెళ్లిళ్ల గురించీ కట్నాల గురించీ కూడా మాట్లాడారు కదా హోల్‌టైమర్ గారూ. మీకు క్రతువుల వాక్యం మాత్రమే ఎందుకు గుర్తుంది? గుండు అందరికీ కనిపిస్తుంది, కట్నం ఇంట్లో వాళ్లకే తెలుస్తుంది. కనబడేదాన్ని పట్టుకోవడం సులువు, అంతేనా?

కాంగ్రెస్ సభ్యత్వం కావాలంటే ఖద్దరు కడతాను, మద్యం ముట్టను, అంటరానితనం పాటించను అని ఒప్పుకుంటూ సంతకం పెట్టాల్సి వచ్చేది, దశాబ్దాల పాటు. 2023 రాయపూర్ ప్లీనరీలో మద్యం నిబంధన మార్చారు. అన్నేళ్లూ ఎంతమంది నిజంగా ముట్టకుండా సంతకం పెట్టారో మీకే వదిలేస్తున్నా. అక్కడ నియమం కాగితం మీద ఉంది, అడిగేవాళ్లు లేరు. మీ దగ్గర కాగితం మీద నియమం లేదు, అడిగేవాళ్లు ఉన్నారు.

ఇంకోటి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం తర్వాత, 1995 జనవరిలో ఎన్టీఆర్ మద్యనిషేధం తెచ్చారు. 1997లో ఎత్తేశారు. రెండూ తెలుగుదేశం ప్రభుత్వాలే. నిషేధమే ధర్మం అని నమ్మి చేరిన కార్యకర్త ఆరోజు ఏం చేయాలి? మా పెదనాన్న సభ్యత్వం వదల్లేదు, నిషేధం ఉండాలనడమూ మానలేదు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. నమ్మకం ఉన్నచోటే ఉంది, పార్టీయే పక్కకు జరిగిపోయింది. సరిపోని నమ్మకం అని మీరంటున్నది రేపు సరిపోవచ్చు, సరిపోయేదనుకున్నది రేపు అడ్డం తిరగొచ్చు.

పాత హోల్‌టైమర్

అక్కా, కట్నం విషయంలో మీరన్నది నిజం. కట్నం తీసుకున్నవాణ్ణి గుండు చేయించుకున్నవాడి కంటే ముందు నిలదీయాలి. మా దగ్గర అది తలకిందులుగా జరిగిన సందర్భాలున్నాయి.

కానీ నమ్మకం మనసులోనే కూర్చుంటుంది, ఎవరి జోలికీ రాదు అంటే ఒప్పుకోను. శబరిమల చూడండి. 2018 సెప్టెంబర్ 28న అన్ని వయసుల ఆడవాళ్లనూ గుడిలోకి రానివ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. అమలు చేస్తామంది కేరళలో సీపీఎం నాయకత్వంలోని వామపక్ష ప్రభుత్వం. 2019 జనవరి 1న కాసర్‌గోడ్ నుంచి తిరువనంతపురం దాకా, దాదాపు 620 కిలోమీటర్లు ఆడవాళ్లు స్త్రీ సమానత్వం కోసం గోడలా నిలబడ్డారు. ఆరోజు పార్టీ సభ్యుడైన అయ్యప్ప భక్తుడు భార్యను ఆ వరసలో నిలబడనిచ్చాడా, లేదా? మొక్కు దగ్గర ఆగిన భక్తి వేరు. ఇంకొకరిని బయట నిలబెట్టే భక్తి వేరు.

తమ్ముడూ, మన కొండ సంగతే అడుగుతా. 2024 నవంబర్‌లో టీటీడీ బోర్డు అన్యమత ఉద్యోగులను వేరే ప్రభుత్వ శాఖలకు పంపాలని, లేదా స్వచ్ఛంద పదవీ విరమణ ఇవ్వాలని తీర్మానించింది. రేపు అలాంటి ఉద్యోగి ఒకరు మీ యూనియన్ దగ్గరకొచ్చి నా తరఫున నిలబడండి అన్నారనుకో. టీటీడీ పరిపాలన భవనం ముందు మైకు పట్టుకుంటావా? లేక ఆరోజు జ్వరం వస్తుందా?

శ్రీవారి భక్తుడు

స్వామి గుడిలో స్వామిని నమ్మేవాళ్లే పనిచేయాలి. ఇందులో అడగడానికేముంది?

కొర్లగుంట కుర్రోడు

భక్తుడు గారూ, గర్భాలయం గురించైతే మీతో గొడవ పడను. ఆస్పత్రిలో నర్సు గురించి, కాలేజీలో లెక్చరర్ గురించి పడతాను. ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి ఉద్యోగాన్ని మతం చూసి కదిలించడం నా భక్తి అడగదు.

హోల్‌టైమర్ అన్నా, మైకు పట్టుకుంటా. మా అమ్మ రెండు రోజులు మాట్లాడదు, అయినా పట్టుకుంటా. మీ శబరిమల ప్రశ్న మాత్రం కష్టం. నేను కేరళలో ఉండుంటే ఏం చేసేవాణ్ణో తెలియదు కానీ మా ఆవిడ వెళ్తానంటే ఆపేవాణ్ణి కాదు.

అక్క చెప్పింది, డబ్లిన్ అన్న చెప్పింది కలిపి చూసుకున్నాక నాకు ఒకటి తేలింది. దాచి చేరను. పక్కకు పిలిచినాయన చూపించిన దారి నాకొద్దు. దరఖాస్తుతో పాటు ఒక కాగితం రాసిస్తాను: దేవుణ్ణి నమ్ముతాను, కొండకు పోతాను, మొక్కు ఉంది, తీరుస్తాను. కట్నం తీసుకోలేదు. మాది కులాంతర వివాహం. పార్టీ కార్యక్రమంలో నేను చేయలేనిది ఒక్కటీ కనిపించలేదు. తీసుకోవాలా వద్దా అన్నది శాఖ తేల్చుకోవాలి. వద్దంటే యూనియన్‌లో ఎప్పటిలాగే ఉంటా.

మెట్లదారి

ఆ కాగితం మీద ఓటింగ్ పెడితే చాలామంది కాళ్లు వణుకుతాయి తమ్ముడూ. తిరుపతి శాఖ కదా.

పాత హోల్‌టైమర్

రాసియ్యి. ఆ శాఖలో నేనుంటే వద్దనే చేయెత్తుతాను, ఇప్పుడే చెప్తున్నా. కులాంతర వివాహం సంగతి ముందే చెప్పుంటే ఇంత గట్టిగా తిట్టేవాణ్ణి కాదు.

పద్మావతిపురం అక్క

చూశారా, అడగాల్సింది ఆయనా అడగలేదు.