ముగ్గురం కలిసి ఆర్పీజీ ఆడుతుంటే ఎవరో ఒకరు ప్యాడ్ పక్కన పెట్టేస్తున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న

నమస్కారం అండి. నేను, మా తమ్ముడు, మా చెల్లి ఒకే టీవీ ముందు కూర్చుని కన్సోల్‌లో ఆర్పీజీలు (కథలోని పాత్రలను నడుపుతూ, వాళ్ల బలం పెంచుకుంటూ సాగే ఆటలు) ఆడుతుంటాం. ఇప్పటికి మూడు ఆటలు మార్చాం. మూడింటిలోనూ ఇదే గొడవ కాబట్టి పేర్లు రాయడం లేదు.

తమ్ముడు మ్యాజిక్ కోసం మెనూ తెరిచినప్పుడల్లా అందరి ఆటా ఆగిపోతుంది. నేను సరిగ్గా కత్తి ఎత్తిన క్షణంలో తెర బిగుసుకుపోతుంది. మళ్లీ కదిలేసరికి నేను ఏ బటన్ నొక్కబోయానో నాకే గుర్తుండదు. కెమెరా నా వెంటే తిరుగుతుంది కాబట్టి చెల్లి పాత్ర తెర అవతలికి పోయి, ఎవరికీ కనపడకుండా దెబ్బలు తింటుంది. "అక్కా, నేనెక్కడున్నాను?" అని రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు, ప్యాడ్ పక్కన పెట్టేసింది. పోనీ ఆమె పాత్రను కంప్యూటర్‌కి అప్పగిద్దామంటే, అది దారిలో ఎదురైన చిన్నాచితకా శత్రువుల మీదే ఎంపీ (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) అంతా ఊడ్చేసి బాస్ (పెద్ద శత్రువు) దగ్గరికి ఖాళీ చేతులతో వస్తోంది.

ఇంకొకటి కూడా ఉంది. దూరంగా ఉండే ఫ్రెండ్‌తో ఒక రాత్రంతా ఆన్‌లైన్‌లో ఆడాను. పొద్దున చూసుకుంటే కథ నా సేవ్‌లోనే (దాచుకున్న ఆటలోనే) ముందుకెళ్లింది, తన దాంట్లో ఎక్కడిదక్కడే ఉంది. తను ఏడ్చినంత పని చేసింది.

మాకు ఆడటం రాకా ఇదంతా? సెట్టింగ్స్ ఏమైనా మార్చాలా? లేక ఈ రకం ఆటలే ముగ్గురికి పనికిరావా? చెల్లిని ఎలాగైనా మళ్లీ కూర్చోబెట్టాలని ఉంది.

మొదటి జవాబు

మీకు ఆడటం రాక కాదండి. ముందు ఆ మాట మీ చెల్లికి చెప్పండి. ఇలాంటి ఆటల్లో ప్యాడ్ పక్కన పెట్టేసే పిల్లలు చాలామంది "నాకు రాదు" అనుకునే పెట్టేస్తారు. నాకు బాధ కలిగించేది అదే.

ఆర్పీజీ యుద్ధం మొదట ఒక్కరి కోసం తయారైంది. మెనూ తెరిస్తే కాలం ఆగుతుంది, తాపీగా ఆలోచించుకోవచ్చు. ఒక్కరే ఆడుతున్నప్పుడు ఆపేదీ, ఆలోచించేదీ ఒకరే గనుక ఏ ఇబ్బందీ లేదు. ముగ్గురు కూర్చుంటే ఒకరు ఆపుతారు, ఇద్దరు ఆగుతారు. అందుకే ఏ ఆట తీసుకున్నా నేను మొదట చూసేది ఒకటే: ఇందులో కాలం ఎవరి చేతిలో ఉంది? మీ ఇంట్లో అది తమ్ముడి చేతిలో ఉంది. అతని తప్పు కాదు, అతనికి ఇచ్చిన పాత్ర అలాంటిది.

1991లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 4 యాక్టివ్ టైమ్ బ్యాటిల్ అనే పద్ధతి తెచ్చింది. గేజ్ (తెర మీద మెల్లగా నిండే కొలత గీత) నిండిన పాత్రకు వంతు వస్తుంది, ఈలోపు శత్రువులు ఊరుకోరు. సిరీస్‌లోని ఈ తరహా ఆటల కాన్ఫిగ్ మెనూలో 'యాక్టివ్', 'వెయిట్' అని రెండు ఉంటాయి. వెయిట్ పెడితే మ్యాజిక్ లేదా ఐటమ్ జాబితాలోకి వెళ్లినప్పుడు కాలం ఆగుతుంది. 1994 నాటి ఫైనల్ ఫాంటసీ 6లో పార్టీలో (మన జట్టులో) కొందరిని రెండో కంట్రోలర్‌కి ఇచ్చే వీలు కూడా పెట్టారు. అయితే అది యుద్ధాల వరకే. నడక, షాపులు, కథ అన్నీ మొదటి ప్యాడ్ వాళ్లవే. రెండో మనిషి యుద్ధం వచ్చేదాకా చూస్తూ కూర్చోవాలి.

1993 నాటి సీక్రెట్ ఆఫ్ మానాలో ముగ్గురు ఒకేసారి పరుగెడుతూ కొట్టవచ్చు. నాకు ప్రాణమైన ఆట. అందులోనూ ఎవరు రింగ్ మెనూ తెరిచినా అందరికీ ఆట ఆగుతుంది. పైగా ఒక దెబ్బ కొట్టాక గేజ్ మళ్లీ 100%కి చేరేదాకా ఆగకుండా కొడితే ఆ దెబ్బకు బలం ఉండదు. అంటే కత్తి పట్టినవాళ్లు మనసులో ఒక లయ లెక్కపెట్టుకుంటూ ఉంటారు, మ్యాజిక్ వేసేవాళ్లు మెనూతో ఆ లయను తెంచేస్తారు. మీరు "కత్తి ఎత్తిన క్షణంలో" అని రాసింది చదవగానే నాకు ఇదే గుర్తొచ్చింది.

దీనికి మేం ఇంట్లో పెట్టుకున్న పద్ధతి చెబుతాను. మెనూ తెరిచే ముందు "ఆపుతున్నా" అని గట్టిగా చెప్పాలి, రెండు దెబ్బల వ్యవధి ఇచ్చి అప్పుడు తెరవాలి. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ సగం చిరాకు దీంతోనే పోయింది. ఆట ఎలాగూ ఆగుతుంది కాబట్టి ఆ ఒక్క ఆగుడులోనే మిగతావాళ్లు కూడా తమకు ఏం కావాలో చెప్పేయాలి: "నాకు హీల్ వెయ్యి", "నా ఆయుధం మార్చు" అని. పది చిన్న ఆగుళ్లకన్నా మూడు పెద్ద ఆగుళ్లు నయం. షార్ట్‌కట్ బటన్లకు మ్యాజిక్ పెట్టుకునే వీలున్న ఆటైతే, తమ్ముడు ఎక్కువగా వాడే రెండు మంత్రాలను వాటికి పెట్టేయండి. అప్పుడు మెనూతోనే పని ఉండదు.

కెమెరా సంగతి. టేల్స్ ఆఫ్ సింఫోనియా 2003లో గేమ్‌క్యూబ్‌కి వచ్చింది, యుద్ధాల్లో నలుగురు ఆడవచ్చు. మంత్రాలకూ ప్రత్యేక దెబ్బలకూ టేల్స్ సిరీస్‌లో 'ఆర్ట్స్' అని పేరు. వాటిని నేరుగా బటన్లకు పెట్టుకుంటాం కాబట్టి మెనూ గొడవ చాలావరకు తీరిపోయింది. కానీ కెమెరా మొదటి ఆటగాడి వెంటే పోతుంది. కెమెరాను మార్చలేం గానీ, మొదటి ప్యాడ్ ఎవరి చేతిలో ఉండాలన్నది మన ఇష్టం. ఎక్కువగా తిరిగేవాళ్లకు, శత్రువు మీదికి దూకేవాళ్లకు మొదటి ప్యాడ్ ఇవ్వండి. వెనక నిలబడి మంత్రం వేసే పాత్ర ఎలాగూ మంత్రం పూర్తయ్యేదాకా కదలకూడదు, దెబ్బ తగిలితే మంత్రం తెగిపోతుంది. ఆ పాత్ర కాసేపు తెర అంచున ఉన్నా పెద్ద నష్టం లేదు. మీ చెల్లికి కొట్లాట ఇష్టమైతే మొదటి ప్యాడ్ ఆమెకే ఇచ్చి చూడండి.

రెండో జవాబు

కంప్యూటర్ నడిపే పాత్రల గురించి నేను చెబుతాను, ఆ బాధ బాగా పడ్డవాణ్ణి.

ఇది ఈనాటి సమస్య కాదు. 1990లో ఫామికామ్‌కి (నింటెండో పాత కన్సోల్) వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ 4 ఐదో అధ్యాయంలో తోటివాళ్లకు నేరుగా ఆజ్ఞ ఇవ్వలేం. 'ఇలా పోరాడండి' అని ఒక వ్యూహం ఎంచుకోవడమే. తర్వాతి రీమేక్‌లలో నేరుగా చెప్పే వీలు పెట్టారు. పెర్సోనా 3 కూడా అంతే: 2006లో వచ్చినప్పుడు తోటివాళ్లంతా కంప్యూటర్ చేతుల్లోనే ఉండేవాళ్లు, 2009 పోర్టబుల్ వెర్షన్‌లో మన చేతికి ఇచ్చారు. ఆడేవాళ్లకు ఏం కావాలో ఈ మార్పులే చెబుతున్నాయి.

మీరు చేయాల్సింది: వ్యూహం ఒక్కటే మార్చి వదిలేయకండి. చాలా ఆటల్లో ఒక్కో మంత్రాన్ని విడిగా ఆపేసే వీలుంటుంది. టేల్స్ ఆటల్లో ఆర్ట్స్ జాబితాలోకి వెళ్లి, కంప్యూటర్ ఏది వాడకూడదో దాన్ని ఆపేయవచ్చు. నేను మామూలు దారిలో హీల్ మంత్రాలు, చవకైన ఒకటి రెండు దాడి మంత్రాలు మాత్రమే ఉంచి, ఖరీదైనవన్నీ ఆపేస్తాను. బాస్ ముందు సేవ్ చేసుకునే చోట మళ్లీ తెరుస్తాను. ఒక్క నిమిషం పని.

షరతులు రాసుకునే పద్ధతి ఉన్న ఆటైతే వరుస చాలా ముఖ్యం. 2006 నాటి ఫైనల్ ఫాంటసీ 12లో గ్యాంబిట్‌లు ('ఇలా అయితే ఇది చెయ్యి' అని మనం రాసే షరతులు) పై నుంచి కిందికి చూసుకుంటూ వస్తాయి, ఏ షరతు ముందు సరిపోతే అదే జరుగుతుంది. దాడిని పైన పెట్టి హీల్‌ను కింద పెడితే, ఎదురుగా శత్రువు ఉన్నంతసేపూ హీల్ దాకా రానే రాదు. పడిపోయినవాళ్లను లేపడం అన్నిటికన్నా పైన, ఆ తర్వాత హెచ్‌పీ (ప్రాణశక్తి) సగానికి తగ్గినవాళ్లకు హీల్, అట్టడుగున మామూలు దాడి. ఈ మూడు వరుసలతో సగం ఆట గడిచిపోతుంది. ఇది ఒక్కరు ఆడే ఆటే, కానీ షరతులు ఎలా పేర్చాలో నేర్పడంలో దీన్ని మించినది నాకు కనపడలేదు.

మూడో జవాబు

ఆన్‌లైన్ సేవ్ సంగతి. రాత్రంతా ఆడి ఏమీ మిగలకపోవడం నిజంగా కడుపు మండే విషయం. కలిసి కష్టపడితే ఇద్దరికీ దక్కాలి. ఈ విషయంలో ఏ డిజైనర్ సర్దిచెప్పినా నేను ఒప్పుకోను.

ఆట మొదలుపెట్టే ముందే తెలుసుకోవాల్సింది: కథ ముందుకెళ్లేది హోస్ట్‌కేనా (ఆట తెరిచి మిగతావాళ్లను పిలిచినవారికేనా), అందరికీనా? ఫైనల్ ఫాంటసీ క్రిస్టల్ క్రానికల్స్ 2020 రీమాస్టర్‌లో కథను నడిపే మిర్ (ఒక్కో చోటు చివర సేకరించే చుక్క) హోస్ట్‌కే దక్కింది, అదే చోటును అందరి కోసం మళ్లీ మళ్లీ ఆడాల్సి వచ్చింది. పైగా అందులో ఒకే టీవీ ముందు కలిసి ఆడే వీలు తీసేశారు. 2003 అసలు ఆటలో కలిసి ఆడాలంటే మనిషికో గేమ్ బాయ్ అడ్వాన్స్, దానికో కేబుల్ ఉండాలి. నలుగురికి అవన్నీ కూర్చడం చాలా ఇళ్లలో కుదరని పని. అయితే మొదటి జవాబు రాసినవారి 'కాలం ఎవరి చేతిలో ఉంది' అన్న ప్రశ్నకు అందులో చక్కటి సమాధానం ఉంది: ఎవరి మెనూ వాళ్ల చేతిలోని చిన్న తెర మీదే ఉంటుంది, ఎవరూ ఎవరినీ ఆపరు.

మాన్‌స్టర్ హంటర్ వరల్డ్‌లో (2018) ఇంకో రకం చిక్కు. కథలో భాగమైన వేటలో కట్‌సీన్ (మధ్యలో వచ్చే కథ వీడియో) చూడనివాళ్లతో కలిసి వెళ్లడం కుదరదు. దారి ఇది: ఇద్దరూ విడివిడిగా వేట మొదలుపెట్టి కట్‌సీన్ దాకా వెళ్లండి. చూడటం అయ్యాక ఒకరు ఆ వేట నుంచి వెనక్కి వచ్చేసి రెండోవాళ్ల దాంట్లో చేరండి. ఆ వేట ఇద్దరికీ లెక్కకొస్తుంది. ఇద్దరే ఆడేవాళ్లు ఇంకొకటి గమనించాలి. మొదట్లో ఇద్దరున్నా నలుగురున్నా మృగం హెచ్‌పీ ఒకేలా పెరిగేది. 2019లో ఐస్‌బోర్న్ అనే అదనపు భాగంతో ఇద్దరికి వేరే లెక్క వచ్చింది.

నాలుగో జవాబు

చిన్న మాట. టీవీలో 'గేమ్ మోడ్' (బొమ్మకు మెరుగులు తగ్గించి ఆలస్యం లేకుండా చూపే సెట్టింగ్) పెట్టారా? సెకనుకు 60 ఫ్రేములు నడిచే ఆటలో ఒక ఫ్రేము అంటే దాదాపు 16.7 మిల్లీసెకన్లు. టీవీ బొమ్మకు మెరుగులు దిద్దడానికి కొన్ని ఫ్రేములు తినేస్తే, సరైన సమయంలో నొక్కిన గార్డ్ (దెబ్బను అడ్డుకునే బటన్) కూడా ఆలస్యంగా పడుతుంది. "నాకు రావట్లేదు" అనేవాళ్ల విషయంలో ముందు ఇది చూడాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా చాలా థ్యాంక్సండి. గేమ్ మోడ్ పెట్టలేదు, ఇప్పుడు పెట్టాను. తేడా చెల్లికే ముందు తెలిసింది. మొదటి ప్యాడ్ ఆమెకే ఇచ్చాం. నిన్న రెండు గంటలు ఆడింది! ఈసారి తెర అవతలికి పోతున్నది నేను, కానీ మంత్రాలు వేసే పాత్ర తీసుకున్నాను కాబట్టి మీరన్నట్టే పెద్ద ఇబ్బంది లేదు. తమ్ముడు "ఆపుతున్నా" అని మాత్రం సగం సార్లు మర్చిపోతున్నాడు.

ఇంకో రెండు సందేహాలు. ముగ్గురికీ తాపీగా ఆలోచించుకునే టైమ్ దొరికే ఆట ఏదైనా ఉందా? రెండోది, ఈ ఆటలో కంట్రోల్ 'మాన్యువల్', 'సెమీ ఆటో' అని ఉంది. చెల్లికి ఏది పెట్టాలి?

మొదటి జవాబు రాసినవారు

రెండు గంటలు ఆడిందన్న మాట చదివి చాలా సంతోషం వేసింది.

తాపీగా ఆడాలంటే బాల్డర్స్ గేట్ 3 (2023) చూడండి. అందులో వంతులు ఉంటాయి, కానీ వంతుల వరుసలో పక్కపక్కన ఉన్న మనవాళ్లంతా ఒకే సమయంలో కదలవచ్చు. ఒకరు ఆలోచిస్తుంటే ఇంకొకరు కొట్టవచ్చు. వంతుల ఆటలో కాలాన్ని పంచిన తీరుల్లో నాకు తెలిసినంతలో ఇదే బాగుంది. మాటలు ఎవరు మొదలుపెడితే సంభాషణ వాళ్లదే కాబట్టి, మాటకారి పాత్ర ఉన్నవాళ్లను ముందు నడవనివ్వండి. రెండు సంగతులు ముందే చెబుతున్నాను: ఇది పెద్దలకు ఉద్దేశించిన ఆట, చెల్లి వయసు చూసుకోండి. ఇంకా, కన్సోల్‌లో ఒకే టీవీ మీద ఇద్దరే ఆడగలరు, మూడోవారు ప్యాడ్ మార్చుకోవాల్సిందే.

కొనే ముందు బాక్సు మీద ఎంతమంది ఆడవచ్చో తప్పకుండా చూడండి, సిరీస్ పేరు చూసి కొనేయకండి. టేల్స్ ఆఫ్ అరైజ్ (2021) టేల్స్ ఆటే అయినా ఒక్కరే ఆడాలి. 1995లో ఇద్దరు ఆడిన సెయికెన్ డెన్సెత్సు 3కి 2020లో ట్రయల్స్ ఆఫ్ మానా అని రీమేక్ వచ్చింది, అందులోనూ ఒక్కరే.

చెల్లికి సెమీ ఆటోనే పెట్టండి. దాడి బటన్ నొక్కగానే పాత్ర తనంతట తానే శత్రువు దగ్గరికి పరుగెత్తి కొడుతుంది. ఎప్పుడు కొట్టాలి, ఎప్పుడు గార్డ్ పెట్టాలి అన్నదాని మీదే ఆమె దృష్టి ఉంటుంది. "నేను వెనక్కి జరగాలనుకుంటే ఇది ముందుకు పోతోంది" అని తనే విసుక్కునే రోజు వస్తుంది. ఆ రోజు మాన్యువల్‌కి మార్చండి, అంతకు ముందు వద్దు. తమ్ముడికి కూడా ఒక సలహా: "ఆపుతున్నా" అనడం మర్చిపోతుంటే, ఓ వారం మంత్రాలు మీరే వేసి అతనికి కత్తి ఇవ్వండి.