"సాంచాకు ఆసామి, సేటుకు..." చివరి మాట ఏమిటి?

సిరిసిల్ల నుంచి (ప్రశ్న):
సభ్యులందరికీ నమస్కారం. మా నాయనమ్మ కండెలు (నూలు చుట్టే చిన్న గొట్టాలు) చుడుతూ "సాంచాకు ఆసామి, సేటుకు..." అని ఒక మాట అనేది. ఆ చివర ఆమె అన్నది మళ్లీ "ఆసామి" అనా, లేక మొదటి అక్షరం కురచ చేసి "అసామి" అనా అన్నది నెల రోజులుగా నన్ను వేధిస్తున్నది. మా తాత ఆసామి; నాలుగు సాంచాలు (మరమగ్గాలు) పెట్టుకుని, సేటు ఇచ్చిన నూలుతో గుడ్డ నేసి, పిక్కుల (అడ్డంగా పడిన పేక పోగుల) లెక్కన కూలి తీసుకునేవాడు. పెద్దలు చెప్పగలరా?

మంగళగిరి నుంచి:
ఇందులో సందేహానికి తావు లేదండీ, రెండుచోట్లా దీర్ఘమే. స్వామి శబ్దం సామి అయింది, దాని ముందు "ఆ" చేరింది. మా వైపు "మోతుబరి ఆసామి" అంటే పదెకరాల మాగాణి ఉన్నవాడు. మాట రెండుసార్లు వచ్చింది నొక్కి చెప్పడానికే.

హైదరాబాద్ నుంచి:
పెద్దలు మన్నించాలి. "ఆ సామి" అన్న విభజన చెవికి ఇంపుగా ఉన్నా, మాట పుట్టుక అది కాదు. అరబ్బీలో ఇస్మ్ అంటే పేరు. దాని బహువచనాల్లో ఒకటైన అసామీ పారసీ, ఉర్దూల మీదుగా రెవెన్యూ దస్తరాల్లోకి వచ్చి, పట్టీలో పేరున్నవాడు, అంటే శిస్తు కట్టవలసిన రైతు అనే అర్థంలో స్థిరపడింది. అసామీవారీ అంటే పేరుపేరునా అని. హిందీలో అది కౌలుదారు, బాకీదారు అనే అర్థాలకు, బెంగాలీలో ఏకంగా ముద్దాయి అనే అర్థానికి పోయింది. పెత్తనం అర్థం మన తెలుగులోనే బలపడింది. కాబట్టి మీ నాయనమ్మ గారు రెండో మాటను కురచగానే పలికి ఉంటారని నా నమ్మకం: సాంచాకు యజమాని, సేటుకు పద్దులో ఒక పేరు.

కరీంనగర్ నుంచి:
ఉర్దూ ప్రస్తావన వచ్చింది కనుక ఒక్క మాట. సినారె గారు పుట్టిన హనుమాజీపేట సిరిసిల్లకు దగ్గరే. ఆయన సిరిసిల్లలోనూ కరీంనగర్‌లోనూ చదువుకున్నది ఉర్దూ మాధ్యమంలోనే. ఉర్దూ గజల్ నడకను తెలుగులోకి అంత సునాయాసంగా తెచ్చిన కవి ఎదిగిన గాలిలో, కండెలు చుట్టే అమ్మ నోట ఆ హ్రస్వం పలికిందంటే నేను ఆశ్చర్యపోను.

షోలాపూర్ నుంచి:
మీరంతా ఆసామి దగ్గరే ఆగిపోయారు గాని, నన్నడిగితే కీలకం సాంచా. మరాఠీలో సాచా అంటే అచ్చు, దానిమీదట యంత్రం. బొంబాయి మిల్లుల్లో నేతఖాతాను సాచాఖాతా అనేవారు. మా ఊళ్లో మొదటి మిల్లు 1877లో వచ్చింది. తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీలు ఇక్కడా బొంబాయిలోనూ భీవండిలోనూ ఈ మాట నేర్చుకుని ఊరికి పట్టుకెళ్లారు. మరాఠీలో అసామి హ్రస్వమే కనుక ఆ వాక్యం మొత్తం మా వైపు నుంచే వచ్చి ఉంటుంది.

మంగళగిరి నుంచి:
సాంచా మీదే కావచ్చును, వాక్యం కూడా మీదేనంటే ఒప్పుకోను. గుంటమగ్గం మీద పడుగు, పేక, కండె, అచ్చు అన్నీ మన మాటలే గదా.

విశాఖపట్నం నుంచి:
నేను ఆర్థికశాస్త్రం బోధించినవాడిని కనుక అక్షరం మీద కాక అర్థం మీద మాట్లాడతాను. గుంటమగ్గం ఉన్న ఇంట్లో ఆడవాళ్లు కండెలు చుట్టేవారు, పిల్లలు చేతికి సాయం అందించేవారు, మగవాడు గుంటలో దిగి నేసేవాడు. పని విడిగా ఉన్నా వృత్తి పేరు ఇంటిల్లిపాదికీ ఒక్కటే. మర వచ్చాక ఆ ఒక్క పేరు ముక్కలై సేటు, ఆసామి, కార్మికుడు, వార్పిన్ (పడుగు తోడే) పనివాడు, వైపని (పోగులు అతికే పని) చేసేవాడు అని వేర్వేరు మనుషులయ్యారు. బ్రిటన్‌లో మరమగ్గాలు 1813లో సుమారు 2,400 ఉంటే 1833 నాటికి లక్షకు చేరాయి. అక్కడ కూడా బర్న్‌లీ వంటి ఊళ్లలో షెడ్డులో చోటూ ఆవిరి శక్తీ అద్దెకు తీసుకుని కొద్ది మగ్గాలు నడిపిన చిన్న యజమానులు ఉండేవారు. మన 1961 జనగణన పనివాళ్లను యజమాని, ఉద్యోగి, ఒంటరి పనివాడు, కుటుంబ పనివాడు అని విడదీసింది. సిరిసిల్ల ఆసామిని ఏ గడిలో రాయాలి? సాంచాలు తనవి, నూలు తనది కాదు, గుడ్డ తనది కాదు, పైగా తన కింద మరొకడికి కూలి ఇస్తాడు. ఆ రెండు అర్థాలూ ఒకే మనిషిలో ఉన్నాయి కనుక రెండు పలుకులూ ఆ వాక్యానికి అవసరమే.

హైదరాబాద్ నుంచి:
విశాఖ వారి వివరణతో నా హ్రస్వానికి బలం చేకూరింది.

మంగళగిరి నుంచి:
చేకూరలేదండీ. రెండు అర్థాలను ఒకే పలుకుతో చెప్పడంలోనే చమత్కారం ఎక్కువ.

సిరిసిల్ల నుంచి:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న మా మేనత్తను అడిగాను. ఆ వాక్యం ఆమెకూ గుర్తుంది గాని, సాంచాలు నడుస్తుండగా షెడ్డులో ఎవరి మాటైనా సగమే వినబడేదనీ, నాయనమ్మ చివరి మాట దగ్గర ఎప్పుడూ కండె మార్చడానికి తల వంచేదనీ చెప్పింది. ఇంకో సంగతి కూడా అన్నది: నాయనమ్మ "సాంచాకు" అనలేదట, "సాంచెకు" అన్నదట.

షోలాపూర్ నుంచి:
"చె" అన్నారా? అయితే నేను చెప్పినది కొంత సవరించుకోవాలి. మరాఠీలో ఆ మాట విభక్తి ముందు సాచ్యా అవుతుంది. మీ మేనత్త గారిని ఒక్కసారి బహువచనం ఎలా పలికేవారో అడిగి చెప్పండి, సాంచాలా, సాంచెలా?