ఇంట్లోని అరవం మా తరంతో ఆగిపోతే అది విలీనమేనా?

ప్రశ్న (చిత్తూరు):
మా అవ్వ గుడియాత్తం నుంచి చిత్తూరుకు కోడలిగా వచ్చి, జీవితాంతం ఇంట్లో అరవమే మాట్లాడింది. మొన్న పాత పెట్టె సర్దుతుండగా ఆమె రాసుకున్న పద్దుల పుస్తకం దొరికింది. పసుపు మరకల మధ్య ఉన్న ఆ తమిళ అక్షరాలను చదవగలిగినవారు మా ఇంట్లో ఒక్కరూ లేరని గ్రహించి ఎంతో బాధపడ్డాను. పిల్లలు పులుసును ఇప్పటికీ కొళంబు అనే అంటారు. మేము పూర్తిగా కలిసిపోయినట్టేనా?

జవాబు 1:
పూర్తిగా కాదండీ. మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ బెర్రీ సొంత సంస్కృతిని వదిలి కలిసిపోవడాన్ని, దానిని నిలుపుకుంటూనే కొత్తదాన్ని స్వీకరించడాన్ని వేరువేరుగా చూశారు. మీ ఇంట్లో లిపి పోయింది, మాట కొంత మిగిలింది. కనుక మీరు ఆ రెండింటి నడుమ ఉన్నారని నా అభిప్రాయం.

జవాబు 2 (తిరుపతి):
ఇచ్చిపుచ్చుకోవడం ఇక్కడ కొత్త కాదు. ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతానికి బదులు ఆండాళ్ తమిళ తిరుప్పావై వినిపిస్తుంది. తెలుగు భక్తులెవరూ దానిని పరాయిదిగా భావించరు. 1843 నుంచి 1933 వరకు ఆలయ నిర్వహణ హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండేది. వారి సంప్రదాయం ఉత్తరాదిది.

జవాబు 3:
మాది తిరుత్తణి. 1960లో ఆ తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లాక, మా ఇంట్లో మీకు జరిగినదానికి తలకిందులుగా జరిగింది: మా పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. ఆ పుటల ఫోటోలు పంపండి, నేను చదివి తెలుగులో రాసిపెడతాను.